శ్రీశైలపు కాలిబాటలో ఒక ఉత్తరీయము

2025వ సంవత్సరము ఫిబ్రవరి 24వ తేది సోమవారమునాడు, తెలతెలవాఱుచుండగా, మేము ఆర్గురము ఆత్మకూరునకు చేరువనున్న వెంకటాపురము దాటి నల్లమల యడవిలో నడుగుపెట్టితిమి. మహాశివరాత్రికి శ్రీశైలమును కాలినడకను చేరవలెనని మా సంకల్పము. మా యత్తగారు, మా ఆడుబిడ్డ, పదునెనిమిదేండ్ల ఆమె కుమారుడు, పొరుగింటి అక్కచెల్లెండ్రిద్దఱు, ఈ వ్రాయుచున్న మేము, ఇదియే మా బిడారు. పదవ తరగతి పిల్లలకు పరీక్షలు దగ్గఱపడుటచే మావారు పాఠశాల విడిచి రాలేక, శివరాత్రినాటికి బస్సులో వచ్చి కలిసికొందునని చెప్పి మమ్ము సాగనంపిరి.

మోటారుబాట దోర్నాలమీదుగా చుట్టుదిరిగి పోవును. కాలిబాట యట్లుగాక అడవి నడుమనుండి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను, కైలాసద్వారములమీదుగా 40 కిలోమీటర్లకు పైబడి సాగును. ఇది నిన్న మొన్నటి బాట కాదు. రెడ్డిరాజులలో మొదటివాడగు ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దమున శ్రీశైలయాత్రికులకై సోపానములు కట్టించెను. అంతకు మున్నే పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున పర్వతప్రకరణమని ఒక ప్రకరణమునే ఈ కొండకు కేటాయించెను. చిన్ననాడు మా తండ్రిగారి చెంత కూర్చుండి ఆ ప్రకరణమును చదువుకొన్నపుడు, ఈ యాత్రికులందఱు ఏమి కట్టుకొని, ఏమి మూటగట్టుకొని నడిచిరో యని మాకు సందేహము కలుగుచుండెడిది. ఆ సందేహమునకు కొంత సమాధానము ఈ యాత్రలో దొరకినది.

మూటలు కట్టుకొనునపుడే మా యింట బట్టలను గూర్చి తర్జనభర్జన జరిగెను. కాలినడకను పోవువారికి చిటికెడు బరువైనను లెక్కయే. అయినను తుడుచుకొనుటకు, కప్పుకొనుటకు, పఱచుకొనుటకు పనికివచ్చు బట్ట యొకటి తప్పదు గదా. మేము దళసరి టర్కీ తువాలు నొకదానిని పెట్టుకొంటిమి. ఇంటిలో నెంతయో ఉపకరించునది అడవిలోను ఉపకరించుననుకొంటిమి. మా ఆడుబిడ్డ నైలాను చున్నీ తీసికొనెను. పిడికిట నిముడును, ముడుతపడదు, రంగుపోదు అని ఆమె మాట. అత్తగారి మూట యడుగున మాత్రము పసుపుగుడ్డలో చుట్టిన ఒక ఉత్తరీయ ముండెను.

అది మా మామగారిది. వారును ఉపాధ్యాయులే. ప్రతి శివరాత్రికి “వచ్చే యేడు నడిచిపోదాం” అనుచు, ఒక యేడు ఉద్యోగమని, ఒక యేడు పిల్లల పెండ్లిండ్లని, ఒక యేడు మోకాళ్ళనొప్పులని దాటవేసి, 2019లో స్వర్గస్థులైరి. “ఆయన రాలేకపోయినారు. ఆయన బట్టయినా నడిచివస్తుంది” అని అత్తగారు దానిని తెచ్చిరి. స్వామి సన్నిధిలో ఒక్కమాఱు ఉంచి, మరల తెచ్చి పెట్టెలో దాచుకొనవలెనని వారి యుద్దేశము. దానినెవ్వరును తాకరాదు. అఱువదియాఱేండ్ల వయసున ఆమె ఇంత దూరము నడచుటయే మాకు భయముగా నుండగా, వాడుకొనరాని బట్టను మోయుట యెందులకని మనసున ననుకొంటిమి గాని పైకి అనలేదు. ఆరేండ్లుగా ఆ బట్టను ఆమె యెండలో నారవేయుట, మడుచుట చూచుచున్నాము.

ఆ ఉత్తరీయము పొందూరు ఖద్దరు. శ్రీకాకుళము జిల్లా పొందూరులో కొండపత్తిని వాలుగచేప దవడపండ్లతో దువ్వి, స్త్రీలు రాటముపై వడకిన సన్ననూలుతో నేయు బట్ట యది. నాలుగు మూరల పొడవు, రెండు మూరలకు కొంచె మెక్కువ వెడల్పు. అత్తగారు చూడకుండ వంటయింటి త్రాసులో తూచితిమి. 140 గ్రాములు తూగినది. మా తువాలు అదే త్రాసులో 500 గ్రాములు దాటినది.

అడవి యన్న నీడ యుండుననుకొనుట మొదటి పొరపాటు. నల్లమల ఆకురాల్చు అడవి. మాఘమాసము చివరికి టేకుచెట్లు మోడులై నిలుచును. మోదుగులు ఆకు లేక ఎఱ్ఱని పూవులతో మండుచుండును. చూచుటకు రమ్యముగా నుండును గాని తలమీద జానెడు నీడ యుండదు. తెల్లవాఱుజామున చెవులు కొఱుకు చలి, తొమ్మిదిగంటలకు మాడ్చు ఎండ. ఒక్క దినములో రెండు ఋతువుల నడుమ నడచువారికి రెండింటికి సరిపోవు బట్ట కావలెను.

మా తువాలు నాగలూటి చేరకమునుపే మాకు బరువైనది. ప్రొద్దున మొగము కడిగి తుడుచుకొన్న తడి మధ్యాహ్నమువఱకు ఆరలేదు. తలపై వేసికొనిన మెడ నొప్పి, మూటలో పెట్టిన తక్కిన బట్టలకు తడి, భుజముపై వేసికొనిన చెమట. ఆడుబిడ్డగారి చున్నీ అందుకు వేఱువిధము. తలపై నిలువక జాఱిపోవును, చెమటను పీల్చదు, గాలి యాడనీయదు. నాగలూటి వీరభద్రస్వామి గుడియొద్ద అటుకులు తడుపుటకు మూడుఱాళ్ళపై నీళ్ళు కాచుచుండగా దాని చెఱగు సెగకే ముడుచుకొనిపోయి గట్టిపడినది. అదృష్టవశమున మేనికి తగులలేదు. పొయ్యి దగ్గఱ నూలుబట్టయైనను వ్రేలాడరాదు, నైలాను మాట చెప్పనక్కఱలేదు. అక్కడి కోనేటి మెట్లపై కూర్చుండి, పొరుగింటి చిన్నామె పాపము మెల్లగా, “అత్తయ్యగారి మూటలోది మంచి పల్చని బట్ట కదా” అనెను. అత్తగారు వినిపించుకొనలేదు. మూటను మాత్రము ఒడిలోనికి లాగుకొనిరి.

నాగలూటి దాటిన పిమ్మట ఎక్కుడు మొదలగును. ఒక మలుపునొద్ద, నిడివియైన బండపై ఒక పడుచు ఇల్లాలు కూలబడియుండెను. పత్తికొండ వైపువారు. భర్త రెండు మూటలు మోయుచు ముందుకు పోయి నీళ్ళకొఱకు వెదకుచుండెను. ఆమె చంకలో ఎనిమిది నెలల శిశువు ఎండకు కందిపోయి గుక్కపట్టి యేడ్చుచుండెను. ఆమె పమిటచెఱగు బిడ్డ తలకు చాలినచో మేనికి చాలదు, మేనికి చాలినచో తలకు చాలదు. మేము తువాలు నందిచ్చితిమి. అది కప్పగానే ఉక్కకు శిశువు మఱింత యేడ్చెను. చున్నీ కప్పగా గాలికి లేచిపోయెను.

అత్తగారు కొంతసేపు చూచిరి. పిమ్మట ఏమియు ననక తమ మూట విప్పి, పసుపుగుడ్డ తీసి, ఉత్తరీయమును దులిపిరి. ఆరేండ్ల మడతలు గీతలు గీతలుగా నుండెను. దానిని సీసాలోని నీళ్ళతో కొంచెము తడిపి, ఒక కొస ఆ యిల్లాలి కుడిభుజముపై, ఇంకొక కొస ఎడమచంక క్రిందుగా తెచ్చి వెనుక ముడివేసి జోలె కట్టిరి. మిగిలిన చెఱగు శిశువు తలపై గొడుగువలె లాగిరి. తడిబట్టగుండ గాలి పోయి లోపల చల్లబడెను. రెండు నిమిషములలో ఏడుపు మానినది. పది నిమిషములలో నిదురపోయినది. అట్లే పెచ్చెరువు కనబడువఱకు ఆ తల్లి మాతోడనే నడచెను.

పెచ్చెరువునొద్ద జోలె విప్పిచూడగా శిశువు దానిని తన విధముగా పావనము చేసియుండెను. ఆ తల్లి సిగ్గుతో తలవంచుకొని, “ఉతికిచ్చెద నమ్మా” అనెను. మేము ఊపిరి బిగబట్టి అత్తగారి మొగము చూచితిమి. ఆమె నవ్విరి. మామగారు పోయిన పిదప ఆమె యంత నవ్వుట మేము చూడలేదు. “ఆయన బడిలో ఒకటో తరగతి పిల్లలు ఎన్నిసార్లు తడిపినారో! ఆయనకు అలవాటే” అని, తామే ఉతికి పొదపై నారవేసిరి. మేము మొగము కడిగి వచ్చునంతలో ఎండిపోయినది. ప్రొద్దుటి మా తువాలు అప్పటికిని తడిగానే యుండెను. దానిని ఆ పొదపైననే ఆరవేసితిమి. మఱునాడు ప్రొద్దున దానిని అక్కడి యొక ముసలామెకు ఇచ్చివేసి తేలికపడితిమి.

అటుపిమ్మట ఉత్తరీయము తిరిగి మూటలోనికి పోలేదు. ఆ రాత్రి పెచ్చెరువున దాతలు పెట్టిన అన్నము తిని, చెట్లక్రింద పడుకొంటిమి. అమావాస్యకు మూడుదినముల ముందు కావున నక్షత్రములు తప్ప వెలుతురు లేదు. తెల్లవాఱుజామున అత్తగారు దానిని తలపైనుండి చెవులమీదుగా గదుమక్రిందికి తెచ్చి ముడివేసికొని కూర్చుండిరి. చలి యంతయు చెవులనుండియే దూఱునని పెద్దలు చెప్పు మాట అప్పుడు మాకు నిజమనిపించెను. అయితే సన్నని నూలుబట్ట ఒక్కటియే కొండచలిని ఆపజాలదు. క్రింద కంబళియో, పైన దుప్పటియో ఉండవలసినదే. వానకును అది యేమియు చేయలేదు.

మఱునాడు నీళ్ళ విషయము వచ్చినది. తొట్టెలో నీరుండెను గాని ఆకులు, నలుసులు, తోకలాడించు చిఱుపురుగులు గలవు. ఈసారి మే మడుగకమునుపే అత్తగారు ఉత్తరీయమును నాలుగు మడతలు వేసి బిందెమూతికి కట్టిరి. ఇది పాతకాలపు చాదస్తమని కొందఱు విద్యావంతురాండ్రు నవ్వుదురు. బంగ్లాదేశములోని మత్లబు ప్రాంతపు పల్లెలలో జరిగి 2003లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, ప్రాతచీరను నాలుగు మడతలకు తగ్గకుండ మడిచి నీరు వడగట్టుకొన్న యిండ్లలో కలరా సుమారు సగమునకు తగ్గినట్లు తేలినది. కలరాక్రిములు సన్నని నీటిపురుగుల నంటిపెట్టుకొని యుండుటయు, ఆ పురుగులు గుడ్డలో చిక్కుకొనుటయు నందుకు కారణము. కొత్తగుడ్డకంటె ప్రాతగుడ్డయే మేలట. ఉతికి యుతికి నూలు విచ్చుకొని సందులు చిన్నవగును. అయినను విడిగానున్న క్రిములు గుడ్డగుండ పోవును గనుక వడగట్టిన నీటిని మరగించియే త్రాగవలెను. మేమట్లే చేసితిమి. వడగట్టిన గుడ్డను వెంటనే పిండి ఎండలో వేయుటయు మఱువరాదు.

దారిలో ఆ బట్ట చేసిన పనులు ఎన్నని చెప్పుదుము? మూట నెత్తికెత్తుకొన్నపుడు చుట్టకుదురు. ఎండలో తడిపి మెడకు వేసికొనిన చలువ. కాగిన గిన్నె దించుటకు మసిగుడ్డ. వాగులో స్నానము చేయునపుడు ఇద్దఱు చెఱియొక కొస పట్టుకొనిన మఱుగు. ఈ చివరిది ఆడవారికి మాత్రమే తెలిసిన ఉపకారము. రేగుపండ్లు కోసి మూటగట్టినపుడు మాకు సీతమ్మవారు జ్ఞప్తికి వచ్చిరి. రావణుడు కొనిపోవుచుండగా ఆ తల్లి ఋష్యమూకముపైని వానరులను చూచి తన నగలను ఉత్తరీయమునందే మూటగట్టి జారవిడిచెను గదా. శ్రీరామునకు దారి చూపినది ఆ మూటయే. నలమహారాజు కథయో, ఉన్న ఒక్క వస్త్రమును పక్షులపై వలగా వేసి, అవి దానితో నెగిరిపోగా, దమయంతి చీరలో సగమునకు ఆశపడవలసి వచ్చినది. అడవిలో పైబట్ట పోగొట్టుకొనుటలో పురుషులదే పై చేయి యని మేమనగా మా ఆడుబిడ్డ కుమారుడు, “నా తువాలు నా దగ్గఱే ఉంది చూడండి” అని నడుమునకు కట్టుకొన్నదానిని చూపెను. దారిపొడుగున ఆ మాట చెప్పి నవ్వుకొంటిమి.

ఒక హెచ్చరిక కూడ వ్రాయవలెను. మెడకు చుట్టుకొన్న బట్ట కొసలు వెనుకకు వ్రేలాడనీయరాదు. అడవిలో ముండ్లు పట్టును. ఊరిలోనైన మోటారుసైకిలు చక్రము పట్టును, అది ప్రాణాపాయము. కొసలు రెండును రొమ్ముమీద దోపుకొనవలెను.

భీమునికొలను చేరునప్పటికి మధ్యాహ్నము మూడు దాటినది. అక్కడ దారి ఒక్కసారిగా లోయలోనికి దిగి, మరల ఆవలిగట్టున కైలాసద్వారమువైపు నిట్టనిలువుగా లేచును. పూర్వులు పఱచిన ఱాతిమెట్లు కాళ్ళరాపిడికి నునుపెక్కియున్నవి. జనము కిక్కిఱిసి దిగుచుండిరి. శివనామస్మరణ లోయయంతయు మాఱుమ్రోగుచుండెను. ప్రక్కవారికి దారి యిచ్చుటకై అత్తగారు అంచునకు జరిగిరి. పొదలోని ముల్లు ఉత్తరీయపు కొస పట్టెను. దానిని విడిపించుకొనుటకు వెనుకకు తిరుగగా ఎడమకాలు మడతపడి, ఆమె మెట్టుపై కూలిరి. బట్ట జానెడు చినిగినది.

మడమ నిమిషములలో వాచెను. వెనుకకు పోవుటకు వీలులేదు, ముందు నిలువు మెట్లు. పొరుగింటి పెద్దామెకు ఏడుపు వచ్చెను. మాకును గొంతు పట్టుకొనెను. ఇంత పెద్దవయసున తీసికొనివచ్చితిమే, మావారికి ఏమని చెప్పుదుమని. అత్తగారు మాత్రము కాలు చూచుకొనలేదు, చినిగిన చోటు చూచుచుండిరి. వ్రేలితో ఒకమాఱు తడిమిరి. పిమ్మట మాచేతికిచ్చి, “చూస్తూ కూర్చుంటావేం అమ్మాయీ, కట్టు” అనిరి.

కదిపి చూడగా వ్రేళ్ళు కదలుచున్నవి, ఎముకపై నొక్కిన అంత నొప్పి లేదు, లేచి నాలుగడుగులు వేయగలిగిరి. బెణుకేయని ధైర్యము తెచ్చుకొంటిమి. వాగునీటిలో ఉత్తరీయమును ముంచి పిండి, నిడివిగా నాలుగువ్రేళ్ళ వెడల్పున మడిచితిమి. పాదము క్రిందినుండి మొదలిడి, పాదముమీదుగా, చీలమండ వెనుకగా, మరల పాదము క్రిందికి, 8 అంకె వలె చుట్టితిమి. బిగువుగా గాని, రక్తము ఆగునంత బిగువుగా గాదు. కాలివ్రేలిగోరు నొక్కి వదలిన వెంటనే ఎఱుపు తిరిగి రావలెను. రాకున్న కట్టు వదులు చేయవలెను. నడుమ నడుమ నీళ్ళు చిలుకరించుచుంటిమి. టర్కీ తువాలుతో ఈ కట్టు కుదరదు, నైలాను నిలువదు. దళసరి బట్టయైన చెప్పులో కాలు పట్టదు. సన్ననిది గనుక చెప్పు తొడుగుకొనిరి.

మా ఆడుబిడ్డ కుమారుడు ఒకప్రక్క, వెదురుకఱ్ఱ యొకప్రక్క. ఒక్కొక్క మెట్టు, ఒక్కొక్క ‘హర’. ఆ ఎక్కుడు ఎంతసేపు పట్టినదో చెప్పలేము. కైలాసద్వారము చేరునప్పటికి దీపములు వెలిగినవి. అక్కడి వైద్యశిబిరమున ఒక వైద్యురాలు కట్టు విప్పి చూచి, మందు పూసి, మా కట్టునే మరల కట్టి, “ఎవరు కట్టినారో గాని బాగా కట్టినా”రనెను. అలసటలో ఆ మాట మాకు పతకమువలె నుండెను.

శివరాత్రినాటి ఉదయమున నెమ్మదిగా శ్రీశైలము చేరితిమి. సత్రములో కట్టు విప్పి, ఉత్తరీయమును ఉతికి యారవేయగా గంటలో ఆరినది. బట్ట రక్తము, మట్టి, పాలవాసన, మసి యన్నియు చూచినది గదా, సన్నిధికి తీసికొనిపోవచ్చునా యని మేము సంశయించితిమి. అత్తగారు మాట్లాడక భుజముపై వేసికొని దర్శనమునకు బయలుదేరిరి. గడపనొద్ద ఒక్క క్షణము మెట్టుపై నుంచి, తలకద్దుకొని, మరల భుజముననే వేసికొనిరి.

సాయంత్రము మావారు వచ్చిరి. తండ్రిగారి ఉత్తరీయము తల్లిగారి కాలికి మరల కట్టుగా నుండుట చూచి మాటరాక నిలిచిపోయిరి. “నీవు రాకపోయినావు గాని, మీ నాన్న నన్ను భీమునికొలను ఎక్కించినాడురా” అని అత్తగారనిరి. మావారు తల వంచి ఆ కట్టు ముడిని సరిచేయుచు కొంతసేపు అట్లే యుండిరి.

ఆ రాత్రి పాగాలంకరణము. చీరాల ప్రాంతపు చేనేత కుటుంబ మొకటి తరతరములుగా స్వామికి పాగా నేసి తెచ్చును. దినమునకొక మూర చొప్పున సంవత్సరము పొడుగున 365 మూరలు. శివరాత్రి రాత్రి దీపములన్నియు నార్పివేయుదురు. ఆ చీకటిలో నేతగాడు దిగంబరుడై ఆలయశిఖరమునుండి ముఖమండపము మీది నందులవఱకు దానిని చుట్టును. మేము బయట జనసమ్మర్దములో కూర్చుంటిమి. దీపములు ఆరినవి. అంతమంది జనము, ఒక్క శ్వాసవలె నిశ్శబ్దము. మాకేమియు కనబడలేదు, కనబడవలెనని లేదు. చలి వేయుచుండెను. చీకటిలో అత్తగారు కాలికట్టు విప్పుచున్న అలికిడి వినబడెను. పిమ్మట నీరారని సన్నబట్ట యొకటి మా భుజములపై పడెను. రెండవ సగము ఆమె భుజములపై నుండెను.

ఇంటికి వచ్చిన పిదప ఆ ఉత్తరీయము పెట్టెలోనికి పోలేదు. దండెముపైననే యున్నది. అత్తగారు సంతకు పోవునపుడు తలకు వేసికొందురు, తెచ్చిన కూర దానిలోనే మూటగట్టుకొందురు. మొన్న మేము సూదిదారము తీసి, భీమునికొలనులో చినిగిన చోటు కుట్టబోగా, “ఉండనీ, అది అక్కడిదే” అని చేతిలోనుండి తీసికొనిరి.